మూడో అంకె

నీళ్ళ పరీక్షశాల, కిటికీ పక్క బల్ల
సోమవారం

అక్కా,

నువ్వు చెప్పినట్టే ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో నాతో మాట్లాడటం గోడతో మాట్లాడినట్టుంటుందని పోయినసారి కోప్పడ్డావు. నిజమే. హాస్టల్ మెట్ల కింద ఫోను, వెనక నలుగురు తమ వంతు కోసం నిలబడి ఉంటారు. నాకు మాట రాదు.

ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. చుట్టుపక్కల పట్టణాల తాగునీళ్ళన్నీ ఇక్కడికే వస్తాయి. మీ ఊరివి కూడా. కానీ ఏవి ఎక్కడివో మాకు తెలియదు. ప్రతి బాటిల్ మీద ఒక అంకె మాత్రమే అంటించి ఉంటుంది. ఊరూ వీధీ ఉన్న పుస్తకం పెద్దాయన బీరువాలో తాళం వేసి ఉంటుంది. పెద్దాయనంటే మా ప్రధాన రసాయనికుడు. "పేరు తెలిస్తే చెయ్యి వంగుతుందమ్మా" అంటారు. మంచి పద్ధతే అనిపించింది.

నాకు అప్పగించిన యంత్రం ఒక చుక్క నీటిని వేలెడంత బొగ్గు గొట్టంలో వేసి తెల్లగా కాల్చి, అందులో ఫలానా లోహం ఎంతుందో వెలుగును బట్టి చెబుతుంది. ముసలి యంత్రం. ఇవాళ ఒకే బాటిల్లో నీళ్ళు మూడుసార్లు పెట్టాను. 0.013 వచ్చింది. తర్వాత 0.016. తర్వాత 0.014. దశాంశం తర్వాత మొదటి రెండు స్థానాలూ కదలడం లేదు. మూడో అంకె మాత్రం నిలబడటం లేదు. నువ్వు నాకు వంటింట్లో కొలతగ్లాసుతో సార్థక అంకెలు నేర్పావు కదా. ఇలాంటప్పుడు కాగితం మీద ఎంత రాయాలి? పెద్దాయన్ని అడగాలంటే భయం.

బుడ్డది ఎలా ఉంది? కూర్చుంటోందా?

నీ చెల్లి


వంటిల్లు, స్టవ్ పక్కన
శనివారం

ఒసే చుంచూ,

పిల్ల ఎలా ఉందన్నది చివరి వరుసలోనా అడిగేది? కూర్చుంటోంది. ఏడు నెలలకే మహారాణిలా గోడకి ఆనుకోకుండా కూర్చుని, "పిన్ని పిన్ని పిన్ని" అని ఒకటే జపం. నిన్ను పిలుస్తోందనుకుని మురిసిపోకు, పాలసీసాని చూసి కూడా అదే అంటుంది.

నేను కాలేజీకి మళ్ళీ వెళ్తున్నాను కాబట్టి డబ్బాపాలే. మీ బావకి పాలు కలపడం నేర్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నీళ్ళ పని మాత్రం ఎవరికీ ఇవ్వను. భవనంలో అందరికంటే ముందు లేచి, కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్ళు పట్టేస్తాను. పట్టి ఇరవై నిమిషాలు మరిగిస్తాను. గిన్నె మూడొంతులకి దిగేదాకా కదలను. పిల్లని కన్నాక కెమిస్ట్రీ ఎందుకైనా పనికి రావాలిగా.

ఇక నీ ప్రశ్న. సరిగ్గా నిన్నే ఈ పాఠం చెప్పాను. ఒకమ్మాయి పదిని మూడుతో భాగించి, బోర్డు చివరిదాకా మూడులు రాసుకుంటూ పోయింది. "బోర్డు అయిపోయిందమ్మా, కిటికీ మీద కూడా రాస్తావా?" అన్నాను. "క్యాలిక్యులేటర్లో ఉన్నాయి మేడం" అంది. "నీ స్కేలు మీద ఉన్నవి మిల్లీమీటర్లు. ఈ మూడులన్నీ నీకెవరిచ్చారు, మీ తాతగారి ఆస్తా?" అన్నాను. క్లాసంతా నవ్వు. పాపం ఆ పిల్ల కూడా నవ్వింది.

నువ్వూ ఆ పని చేయకు. ఊగే అంకె నీది కాదు. రాయకు. అంతే.

పాలు పొంగుతున్నాయి, ఇది గుక్కపట్టింది, ఉంటాను.

అక్క


నీళ్ళ పరీక్షశాల
గురువారం

అక్కా,

0.01 అని రాశాను.

పెద్దాయన కాగితం చూసి, "హద్దులో రెండు స్థానాలుంటే మన జవాబులోనూ రెండే. ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నావే, శభాష్" అన్నారు. కింద నన్నే సంతకం పెట్టమన్నారు. ఇక్కడ నా మొదటి సంతకం.

ఆ రోజంతా ఏదో పంటి కింద ఇసుకలా ఉంది. ఏమీ లేదులే. కొత్త కదా.

బుడ్డదానికి ఊలు టోపీ ఒకటి అల్లుతున్నాను. చెవులు రెండూ ఒకే సైజులో రావడం లేదు.

నీ చెల్లి


ఇల్లు, రెండో అంతస్తు
ఆదివారం

చుంచూ!

నీ సంతకం మా వీధిలో ఉంది!

పొద్దున గేటు దగ్గర గుంపు చూసి ఎవరింట్లో ఏమైందోనని దిగాను. మునిసిపాలిటీ వాళ్ళు గోడకి కాగితం అంటించారు. నమూనా 62, పరీక్షించిన నీళ్ళు తాగడానికి తగినవి. కింద చూస్తే ఎలుకతోకలా సాగిన గీత. చిన్నప్పటి నుంచీ ఆ తోక కత్తిరించమని మొత్తుకుంటున్నాను, ఇప్పుడు అదే నాకు గర్వమైపోయింది.

కింది వాటాలో దర్జీ ఆవిడ ఉందని చెప్పానుగా, నోరు కత్తెరకంటే పదును. ఆవిడ ఈ కుళాయి నీళ్ళు ముట్టదు. "నాలిక్కి తాళంచెవి నాకినట్టుంటుంది, నా పిల్లాడికి పట్టను" అంటూ రెండు వీధుల అవతలి బోరింగు నుంచి బిందెలు మోస్తుంది. ఇవాళ కూడా కాగితం చదివి, "రాసేవాళ్ళకేం, తాగేది మనం కదా" అంది.

నాకు ఒళ్ళు మండింది. "రాసింది ఎవరనుకున్నావు? మా చెల్లి. అది అబద్ధం చెప్పాలంటే ముందు నోరు తెరవాలి. దానికి ఆ అలవాటే లేదు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. "సరే టీచరమ్మా, మీ చెల్లి పూచీ మీద ఇవాళ్టి నుంచి ఇవే పడతా. బిందెలు మోసి నా నడుం ఎలాగూ రెండు ముక్కలైంది" అంది.

నువ్వుంటే సిగ్గుతో గోడలో కలిసిపోయేదానివి. నేను నీ వంతు కూడా నిటారుగా నిలబడ్డాను.

అక్క


హాస్టల్ గది
బుధవారం

అక్కా,

సంతకం నాదే.

ఒక చిన్న మాట. పొద్దున్నే కుళాయిలో మొదట వచ్చే నీళ్ళు పట్టకు. ఐదు నిమిషాలు వదిలేసి తర్వాత పట్టు. అంతసేపు మరిగించడం కూడా వద్దు, ఒక్క పొంగు చాలు. వీలైతే దర్జీ ఆవిడ వెళ్ళే బోరింగు నుంచే తెప్పించకూడదా? బావకి సైకిలు ఉంది కదా.

ఊరికే అడిగాను. ఎక్కడో చదివాను.

టోపీ పూర్తయింది. చెవులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

నీ చెల్లి


ఇల్లు
మంగళవారం

చుంచూ,

జవాబు ఆలస్యమైంది. మూడు వారాలు ఎలా గడిచాయో తెలియదు.

బుడ్డదానికి బాగాలేదు. తాగినదంతా కక్కేస్తోంది. నాలుగు రోజులకోసారి విరేచనం, అదీ ఏడ్చి ఏడ్చి. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. డాక్టరు చూసి, పళ్ళు వస్తున్నాయి, రక్తం తక్కువగా ఉంది అని చుక్కల మందిచ్చారు. పళ్ళు వచ్చేటప్పుడు అందరికీ ఇంతే అంటున్నారు. నేనూ అందరికీ అదే చెబుతున్నాను.

నీకొక్కదానికే చెబుతున్నాను, బావకి కూడా చెప్పలేదు. అది కూర్చోవడం మానేసింది. కూర్చోబెడితే మెల్లగా ఒక పక్కకి ఒరిగిపోతుంది. పడ్డాక ఏడవదు కూడా. అలాగే పడుకుని చూస్తుంది. "పిన్ని పిన్ని" అనడం ఆగిపోయి తొమ్మిది రోజులు. మొదట గమనించలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే హాయిగా ఉందనుకుని పేపర్లు దిద్దుకున్నాను.

నీ సలహాలు చూసి నవ్వుకున్నాను అప్పుడు. ఐదు నిమిషాలు నీళ్ళు వదిలేస్తే పై ట్యాంకు ఖాళీ అయి భవనమంతా నా మీద పడుతుంది. అయినా పరీక్ష చేసిందానివీ నువ్వే, భయపడేదానివీ నువ్వేనా? మరిగించడం మాత్రం పెంచాను. ఇప్పుడు అరగంట. కడుపు బాగాలేని పిల్ల కదా.

చుంచూ, నీ ఉత్తరం ఇవాళ మళ్ళీ తీసి చదివాను. "ఊరికే అడిగాను" అని నువ్వు ఎప్పుడూ రాయవు. నువ్వు ఊరికే ఏదీ అడగవు. ఏమైనా ఉంటే సూటిగా చెప్పు.

అక్క


బస్సు స్టాండు
శనివారం ఉదయం

అక్కా,

ముందు ఇది చదువు. ఈ క్షణం నుంచి బుడ్డదానికి ఆ కుళాయి నీళ్ళు పట్టకు. మరిగించినవి అసలే వద్దు. ఈ ఉత్తరం, మూడు ఖాళీ బాటిళ్ళు బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. మధ్యాహ్నానికి అందుతాయి.

నీ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది. నాలుగుసార్లు రాసి చింపాను. ఒకసారి ఫోన్ చేశాను. బావ తీశారు. "ఆ చుంచూ, చెప్పమ్మా" అన్నారు. "అందరూ బాగున్నారా" అని అడిగి పెట్టేశాను.

నేను కొలిచేది సీసం. నీకు రాయలేదు. తాగే నీళ్ళలో దాని హద్దు లీటరుకి 0.01 మిల్లీగ్రాములు. అది కూడా రాయలేదు. ఎంత రాయాలి అని మాత్రమే అడిగాను. హద్దు చెబితే నువ్వు ఏమంటావో నాకు తెలుసు కాబట్టి చెప్పలేదనుకుంటాను.

0.013, 0.016, 0.014. మూడో అంకె ఊగిన మాట నిజం. కానీ మూడుసార్లలో ఒక్కసారి కూడా హద్దుకి దిగలేదు. ఎంత ఎక్కువో నాకు తెలియదు గానీ, ఎక్కువని తెలుసు. 0.01 అని రాయగానే హద్దుతో సమానమైపోయింది.

ఆ బాటిల్ నంబరు 62. నీ ఉత్తరంలో ఆ అంకె చూసేదాకా అది మీ వీధిదని తెలియదు. చూసిన రోజే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

"హద్దు 0.01, మనం రాసింది 0.01. తప్పెక్కడుంది?" అన్నారు.

"మూడుసార్లూ పైనే ఉందండీ."

"ఎంత పైన? వెంట్రుకవాసి. ఆ ఒక్క కాగితం వెనక్కి తీసుకుంటే, నీకంటే ముందు ఇదే పద్ధతిలో ఇచ్చినవన్నీ తిరగదోడమంటారు. అవి ఎన్నో తెలుసా నీకు?"

తెలియదని తల ఊపి వచ్చేశాను. వచ్చి నీకు ఆ చిన్న మాట రాశాను. ఎక్కడో చదివానని అబద్ధం రాశాను. అప్పటి నుంచి నెల రోజులు.

0.014 అని రాసి ఉంటే ఏమయ్యేదో విను. హద్దు దాటిన వీధికి మనుషులు మళ్ళీ వెళ్ళి, ఇళ్ళలో పొద్దుటి మొదటి నీళ్ళు పట్టి తేవాలని నిబంధన. మొదటిసారి తెచ్చినవాళ్ళు కుళాయి బాగా వదిలాక పడతారు. అలా పట్టినా హద్దు దాటిందంటే, లోపలి గొట్టాలు పాత సీసం గొట్టాలై ఉండొచ్చు. రాత్రంతా వాటిలో నిలబడ్డ నీళ్ళే పొద్దున ముందుగా వస్తాయి. మరిగిస్తే నీరు ఆవిరై పోతుంది, సీసం గిన్నెలో ఉండిపోతుంది. ఇది నీకు నేను చెప్పక్కర్లేదు.

మూడు బాటిళ్ళూ యాసిడ్‌తో కడిగాను. ఒకదాంట్లో పొద్దుటి మొదటి నీళ్ళు, ఒకదాంట్లో ఐదు నిమిషాలు వదిలాక వచ్చినవి, ఒకదాంట్లో నువ్వు మరిగించినవి పట్టి పంపు.

నీ చెల్లి


ఆదివారం

చెల్లికి,

బాటిళ్ళు బావ తెస్తున్నారు. ఆయనకి అన్నీ చెప్పాను. ఆయనతో మాట్లాడే ప్రయత్నం చేయకు.

అంకెలు రాసి పంపు. ఇంకేమీ రాయకు.


నీళ్ళ పరీక్షశాల
ఆదివారం సాయంత్రం

అక్కా,

పొద్దుటి మొదటి నీళ్ళు: 0.187
ఐదు నిమిషాలు వదిలాక: 0.015
మరిగించినవి: 0.262

డాక్టరుకి సీసం అని చెప్పు. రక్తంలో చూడమని అడుగు.


ఆసుపత్రి, పిల్లల వార్డు
శుక్రవారం

చెల్లికి,

అరవై ఒకటి. ఇక్కడి పెద్ద డాక్టరు ఆ రక్తపరీక్ష కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి, "ఐదు దాటితేనే మేము ఆలోచిస్తామమ్మా" అంది. అరవై ఒకటి అని నేను బయటికి అన్నాను. మామూలు గొంతుతోనే అన్నాను. క్లాసులో మార్కులు చదివినట్టు.

రక్తంలోది తీయడానికి మందుందట. మెదడులో జరిగింది జరిగిపోయిందట. ఎంత జరిగిందని అడిగాను. నడిచినప్పుడు, మాట్లాడినప్పుడు, బడికెళ్ళినప్పుడు మెల్లగా తెలుస్తుందంది. ఏమీ లేకపోవచ్చు కూడా అంది. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

దర్జీ ఆవిడకి నేనే వెళ్ళి చెప్పాను. మిషను తొక్కుతోంది. మొత్తం వినేదాకా కాలు ఆపలేదు. ఆ తర్వాత, "నేను మోసుకు తెచ్చుకుంటుంటే నవ్వారు కదమ్మా అందరూ" అంది. అంతే. ఆవిడ పిల్లాడికి నాలుగేళ్ళు. గేటు దగ్గర నీ కాగితం కనిపిస్తే పట్టరాని కోపంతో చింపబోయాను. ఆవిడ వెనకనుంచి నా చెయ్యి పట్టుకుంది. "ఉండనివ్వు టీచరమ్మా. రేపు నిలదీయడానికి ఈ సంతకం కావాలిగా."

నీ మీద నాకు ఎంత కోపం ఉందో రాయను. రాసినా కాగితం చాలదు. నెల రోజులు, చుంచూ. నీ చేతి రాత తప్పయితే క్షమించేదాన్నేమో. నీ చిన్న మాట, నీ టోపీ చెవులు, ఊరికే అడిగాను. ఆ నెల రోజుల్లో నేను దానికి ఎన్నిసార్లు పాలు పట్టానో తెలుసా? మరిగే సమయం ఎప్పుడు పెంచానో గుర్తుందా?

ఇక నాది. ఈ వారమంతా ఈ కుర్చీలో కూర్చుని నేను నీకు రాసిన జవాబు తలుచుకుంటున్నాను. ఊగే అంకె రాయకు, అంతే. అంత కాదు. పన్నెండేళ్ళుగా బోర్డు మీద రాస్తున్న పాఠం నాకు తెలియదా? ఖాయంగా తెలిసిన అంకెలన్నీ రాయాలి. ఆ తర్వాత అనుమానంగా ఉన్న మొదటి అంకె ఒక్కటి రాయాలి. అక్కడ ఆగాలి. ఆ అనుమానపు అంకె కూడా కొలతలో భాగమే. 0.014 అని రాయమనాల్సింది. పాలు పొంగుతున్నాయని, ఇది ఏడుస్తోందని, తమాషాగా సగం పాఠం రాసి మూత పెట్టేశాను. హద్దు ఎంతని కూడా అడగలేదు. ఏ లోహమని అడగలేదు.

కాబట్టి దీని నోట్లో సీసా పెట్టింది నేను, నీళ్ళు కాచింది నేను, పాఠం సగం చెప్పింది నేను. నిన్ను తిట్టుకోవడానికి కూడా నాకు పూర్తి హక్కు లేకుండా చేశావు.

అక్క


హాస్టల్ గది
బుధవారం

అక్కా,

సగం పాఠం నీది కాదు. నేను ఇక్కడికి వస్తూ పాత నోటుబుక్కు తెచ్చుకున్నాను. అందులో నీ చేతిరాతతో రెండు సగాలూ ఉన్నాయి. నీ జవాబు అందిన రోజే తీసి చూశాను. అనుమానంగా ఉన్న మొదటి అంకె ఒక్కటి రాయాలి అని ఎర్ర సిరాతో ఉంది. చూసి, మూసేశాను. నీ ఉత్తరంలో ఉన్నది సులువుగా ఉంది. అక్క చెప్పింది అనుకున్నాను. పెద్దాయన కూడా అదే అన్నారు. ఇద్దరు పెద్దవాళ్ళు చెప్పాక నేను ఎదురు చెప్పక్కర్లేదు కదా అనుకున్నాను. నాకు అది హాయిగా ఉండింది. దీన్ని నీ లెక్కలో వేసుకోకు.

సోమవారం పై ఆఫీసుకి వెళ్ళాను. నా వాంగ్మూలం ఆరు పేజీలు. మూడు రీడింగులూ, తర్వాతి మూడు బాటిళ్ళూ, పెద్దాయనతో నేను మాట్లాడిన తేదీ, నేను ఊరుకున్న రోజులూ రాశాను. అక్కడ కూర్చున్న అధికారి, "నోటితో చెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. ఆయన గ్లాసుతో నీళ్ళు జరిపాడు. తాగలేకపోయాను.

62 నంబరు కాగితం రద్దయింది. మీ వీధికి ఇవాళ్టి నుంచి ట్యాంకర్ వస్తుంది. పాత కాగితాలన్నీ తిరిగి చూస్తున్నారు. 0.01 అని రాసినవి నలభై మూడు ఉన్నాయి. వాటిలో పదకొండింటి అసలు రీడింగులు హద్దు పైన ఉన్నాయి. పదకొండు వీధులు. బీరువా తెరిచి పేర్లు చదువుతుంటే నేను అక్కడే ఉన్నాను. పెద్దాయన కుర్చీలో కూర్చుని నేల చూస్తున్నారు. నేను దాటుతుంటే, "పద్ధతి పాటించాం కదమ్మా మనం" అన్నారు. నన్ను నిజంగానే అడుగుతున్నట్టు అన్నారు. ఆయన రేపటి నుంచి రావడం లేదు. నన్ను కూడా రావొద్దన్నారు, విచారణ అయ్యేదాకా.

నెల రోజుల సంగతి నువ్వన్నది నిజం. దానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. భయం ఉంది, అంతే. పెద్దాయనంటే కాదు. నువ్వు నన్ను ఇలా చూస్తావని.

నాకు రావాలని ఉంది. వార్డులోకి రావొద్దంటే బయట మెట్ల మీద కూర్చుంటాను. బట్టలు ఉతుకుతాను. నువ్వు నిద్రపోతే కాపలా ఉంటాను. నువ్వు నన్ను క్షమించానని ఒక్క ముక్క రాస్తే వస్తాను. రాయకపోతే రాను.

నీ చెల్లి


పిల్లల వార్డు, ఏడో మంచం
శనివారం

చుంచూ,

రాయలేను. ఆ ముక్క కోసం ఎదురు చూస్తూ అక్కడ కూర్చోకు.

మందు మొదలుపెట్టారు. సూదికి నరం దొరకడం లేదు, చేతులు మరీ చిన్నవి. అందుకని తొడలోకి పొడుస్తున్నారు. నాలుగు గంటలకోసారి, ఐదు రోజులు. సూది గుచ్చిన దానికంటే మందు ఎక్కే నొప్పి ఎక్కువట. ఇన్నాళ్ళూ గొంతు విప్పని పిల్ల, మొదటి సూదికి అరిచిన అరుపుకి వార్డంతా లేచి కూర్చుంది. నాకు ఏడుపు రాలేదు. గొంతు ఉంది కదా అనుకున్నాను.

ఇద్దరు పట్టుకోవాలంది నర్సు. ఒకరు భుజాలు, ఒకరు కాళ్ళు. నిన్న బావ కాళ్ళు పట్టుకున్నారు. మూడో సూదికి చేతులు వదిలేసి వరండాలోకి వెళ్ళిపోయారు. సూది పక్కకి జారి దాని తొడ మీద గీసుకుంది. ఇప్పటిదాకా లోపలికి రాలేదు. దర్జీ ఆవిడ తనే వచ్చి, "నేను పడతా" అంది. కానీ ఈ పొద్దున ఆవిడ పిల్లాడి కాగితం వచ్చింది. ఇరవై తొమ్మిది. ఆవిడ కింద డాక్టరు గది ముందు వరసలో ఉంది.

ఆవిడ నిన్ను చూస్తే ఏమంటుందో నాకు తెలియదు. ఏమన్నా నిలబడి విను. నేను అడ్డు రాను.

రేపు మొదటి బస్సుకి రా. వెనక గేటు నుంచి వస్తే మెట్లు దగ్గర. చేతులు మోచేతుల దాకా కడుక్కో, గోళ్ళు తీసేసుకో. భుజాలు నేను పడతాను. కాళ్ళు నువ్వు పట్టుకో. మోకాళ్ళ పైన, రెండు చేతులతో, బరువంతా వేసి. జాలిపడి వదులు చేశావో, మళ్ళీ గుచ్చాల్సి వస్తుంది.

ఇంకొకటి. నేను తల వెనక ఉంటాను కాబట్టి దానికి కనపడను. కాళ్ళ దగ్గర నిలబడ్డవాళ్ళ మొహమే కనిపిస్తుంది. అరుస్తున్నంతసేపూ ఆ మొహాన్నే చూస్తుంది. తల తిప్పుకోకు.

అక్క